గట్లా? కాలువలా?

పోయిన వారం మనం ప్రేమలీలను గవ్వలపాలెం బంగళా వసారాలో, నిశ్చింతగా కాఫీ తాగుతుండగా వదిలేసి వచ్చాం. పాపం, ఆ నిశ్చింత కాఫీ చల్లారేదాకా కూడా నిలవలేదు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పుకొని ముందుకు పోదాం. కిందటేటి తుఫానుకు సముద్రం గవ్వలపాలెంలోకి వచ్చి ఇళ్లతోపాటు మనుషుల్ని కూడా తీసుకుపోయింది. ఈ ఏడు వానలు పడేలోగా పాలేనికి కరకట్ట పోయాలని ప్రభుత్వం తీర్మానించింది. అందుకు కావలసిన మట్టి ఊరికి ఉత్తరాన చవిటి బయల్లో కావలసినంత ఉంది. అయితే ఆ బయలు కింద పాతకాలపు రేవుపట్నం ఒకటి పూడిపోయి ఉందేమోనని నెల్లూరులో కొందరు చదువుకున్న పెద్దలు అనుమానం లేవదీశారు. సంగతి తేల్చమని, విమానంలోంచి తీసిన ఫోటో ఒకటి చేతికిచ్చి ప్రేమలీలను పంపించారు. నెల్లూరు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన సమాధానం మాస్టారి ఒక్కగానొక్క కూతురు ఈమె. డ్రాయింగ్ ఆఫీసులో ఏళ్ల తరబడి పటాలకు నకళ్లు తీసి, ఆ మీదట డెహ్రాడూన్ వెళ్లి ఆకాశం ఫోటోలు చదవడం నేర్చుకొని వచ్చింది. ఆ విద్య వచ్చిన ఆడమనిషి ఆ ఆఫీసులో మరొకరు లేరు. బయల్లో అడ్డంగా నిలువుగా కనిపించే గీతలు పాడుబడ్డ ఉప్పుకయ్యల కాలువలేననీ, అక్కడ పట్నమూ లేదు గిట్నమూ లేదనీ ఆమె రాసి సంతకం పెట్టింది. మట్టి తీసుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది.

ఉత్తర్వు రాగానే పాలెం పెద్దకాపు గంగులయ్య దురాయి వేశాడు. దురాయి అంటే పాలెం కట్టడి. అది పడ్డాక కలెక్టరు వచ్చి చెప్పినా మారదు. తెల్లారితే ఒక్క పడవ కూడా సముద్రం మీదికి పోకూడదు, ఇంటికొక మనిషి పారా తట్టా పట్టుకొని చవిటి బయలుకు రావాలి అన్నది ఈసారి దురాయి.

ఇదీ వెనకటి సంగతి. ఇక కాఫీ దగ్గరికి వద్దాం.

ప్రేమలీల గ్లాసు సగం చేసిందో లేదో, మెట్ల కింద నుంచి చేపల వాసన, దాని వెనకే మనిషీ వచ్చాయి. వచ్చింది గంగులయ్య భార్య అంకాలమ్మ. ఆకులో చుట్టిన చందువ చేపలు వసారా గట్టు మీద పెట్టి, చేతులు చీర కుచ్చెళ్లకు తుడుచుకుంది.

"మా కట్టకు మట్టి ఇప్పించినావు గదమ్మణ్ణీ, నీకోసరం తెచ్చినా. పులుసు పెట్టించుకో."

"నేను ఇప్పించిందేముందక్కా, ఉన్న సంగతి రాసినా" అంది ప్రేమలీల. అలా అందే గానీ లోపల సంబరంగానే ఉంది. ఆఫీసులో ఆమె పనిని మెచ్చుకున్నవాళ్లు తక్కువ, చేపలు తెచ్చినవాళ్లు అసలే లేరు.

అంకాలమ్మ కదల్లేదు. స్తంభానికి ఆనుకొని నిలబడి, బల్ల వైపు ఓరగా చూస్తోంది. అడగాలనుంది, అడగడానికి మొహమాటంగా ఉంది. చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"ఆకాశం నుంచి ఫోటో తీసినారంట గదా. మా ఇల్లు గూడా పడిందా అందులో?"

ఆ ఫోటో బయటివాళ్లకు చూపకూడదు. సముద్రతీరం ఫోటోలైతే మరీనూ. ప్రేమలీలకు ఆ నిబంధన బాగా తెలుసు. కాని లోపలి గదిలో, కట్ట పని చూస్తున్న పై అధికారి కామాక్షయ్య గారి గురక వినిపిస్తోంది. ఎదురుగా అంకాలమ్మ కళ్లు మిఠాయి కొట్టు ముందు నిలబడ్డ పిల్ల కళ్లలా ఉన్నాయి. తను నేర్చిన విద్యను ఎవరికైనా చూపించాలనే సరదా మనిషికి ఉండదా? ప్రేమలీలకు ఉంది. అట్ట సంచిలోంచి ఫోటో తీసి బల్ల మీద పరిచి, మూలల మీద పుస్తకాలు పెట్టింది.

"కూర్చో అక్కా."

కుర్చీలో కూర్చోవడానికి అంకాలమ్మ చాలాసేపు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక, ప్రేమలీలకు ఎదురుగా, బల్లకు అవతలి పక్కన ఉన్న కుర్చీ అంచు మీద కూర్చుంది. ఆ కుర్చీలో గాక ఇటుపక్క కూర్చొని ఉంటే మన కథ ఈ వారంతో ముగిసిపోయేది.

"ఇదేందమ్మణ్ణీ, బూడిద పరిచినట్టుండాది?"

"సముద్రం ఇది. ఈ తెల్లగీత నురగ. ఇవి మీ గుడిసెలు. ఇవిగో, మూడు తాటిచెట్లు."

"తాటిచెట్ల పక్కదే మాది! వోరి దేవుడో, కప్పు కూడా కనపడుతుండాది! పైనుంచి చూస్తే మా బతుకు ఇంతేనా, గోరంత?" అని బుగ్గలు నొక్కుకుంది. తర్వాత అందరి ఇళ్లూ వెతికింది. తనకు పడనివాళ్ల ఇంటి కప్పు ఎంత చిన్నదో చూసి తృప్తిపడింది. ఊరు అయిపోయాక ఆమె వేలు మెల్లగా ఉత్తరానికి, చవిటి బయల్లోకి జరిగింది.

"మరి ఈ గట్లేంది? ఈడ గట్లు ఎవురు పోసినారు?"

"గట్లు కావక్కా. కాలువలు."

"కాలవలా? గట్లు గదా."

ప్రేమలీల నవ్వింది. చదువుకున్నవాళ్లు ఓపిగ్గా నవ్వే నవ్వు అది. "నేలలోకి దిగిపోయి కనపడటంలా? ఉప్పుకయ్యలకు నీళ్లు పెట్టుకున్న కాలువలు. ఇప్పుడు పూడిపోయినాయి."

"దిగిపోవడమేంది? పైకి పొంగుండాయి. చెయ్యి పెడితే తగిలేట్టుండాయి. నా కండ్లకేమన్నా పొర కమ్మిందా?"

"పొర కాదు, కొత్తగా చూసేవాళ్లకు అట్టాగే ఉంటుంది."

"కొత్తేంది, పాతేంది? గుంట గుంటగానే ఉండాది, గట్టు గట్టుగానే ఉండాది." అంకాలమ్మకు పట్టుదల వచ్చింది. "ఇదో, ఈడుండేది మా దొరువు. గుంట. చక్కంగా గుంట మాదిరే కనపడుతుండాది. దానెనకాల గట్టు. గట్టు మాదిరే కనపడుతుండాది. ఇంకేం కావాల?"

ప్రేమలీల వంగి ఆ వేలి కొన కింద చూసింది. దొరువంటే ఆ తీరంలో నీళ్లకోసం ఇసుకలో తవ్వుకునే గుంట. కాని అంకాలమ్మ వేలు ఉన్నచోట ప్రేమలీలకు గుంట కనిపించడం లేదు. గుండ్రని చిన్న కుప్ప కనిపిస్తోంది. ఇన్నాళ్లూ కుప్పే కనిపించింది. పోగుపడ్డ ఇసుక అనుకొని వదిలేసింది.

"ఇది దొరువా? కుప్ప కదా?"

"కుప్పలో నుంచి ఎవురన్నా నీళ్లు తోడతారా? పొద్దున గూడా తోడి తెచ్చినా. నువ్వు తాగిన కాఫీ ఆ నీళ్లదే!"

గ్లాసు పక్కన పెట్టి ప్రేమలీల లేచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి అంకాలమ్మ కుర్చీ వెనక నిలబడి, ఆమె భుజం మీదుగా ఫోటోను చూసింది.

నేల మొత్తం తిరగబడింది.

కుప్ప గుంటయింది. కాలువలన్నీ ఒక్కసారిగా పైకి లేచి గట్లయ్యాయి. ఆమె నమ్మలేక తన కుర్చీ దగ్గరికి తిరిగి వెళ్లింది. గట్లు మళ్లీ నేలలోకి దిగి కాలువలయ్యాయి. మళ్లీ ఇటు వచ్చింది. లేచాయి. మళ్లీ అటు వెళ్లింది. దిగాయి.

"ఏందమ్మణ్ణీ, నా చుట్టూ తిరుగుతుండావు? నాకు దిష్టి తీస్తుండావా?" అని అంకాలమ్మ కిలకిల నవ్వింది.

ప్రేమలీల నవ్వలేదు. ఫోటో మీద ఒకే ఒక్క దాని కోసం వెతుకుతోంది. దొరికింది. తాటిచెట్ల నీడలు. మూడు నీడలూ వాయవ్యానికి పడి ఉన్నాయి. చలికాలం పొద్దున, సూర్యుడు ఆగ్నేయాన ఇంకా కిందనే ఉన్నప్పుడు తీసిన ఫోటో ఇది. ఆ ఏటవాలు ఎండ పుణ్యమా అని వెడల్పుగా పరుచుకుపోయిన అడుగెత్తు మిట్టకు కూడా ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ తగిలాయి. అందుకే నేల మీద నడిచేవాడికి కనిపించనిది ఫోటోలో కనిపిస్తోంది. అయితే మన కంటికి పుట్టినప్పటినుంచీ ఒక అలవాటు ఉంది. వెలుగెప్పుడూ పై నుంచే వస్తుందని నమ్ముతుంది. ఉత్తరం పైకి పెట్టి చూస్తే ఈ ఫోటోలో వెలుగు కింది వైపు నుంచి వస్తుంది. కన్ను అది ఒప్పుకోదు. వెలుగును పైనే ఉంచుకొని, దానికి సరిపోయేటట్టు గట్టును గుంట చేసేస్తుంది, గుంటను గట్టు చేసేస్తుంది.

ఈ సంగతి ప్రేమలీలకు తెలియక కాదు. డెహ్రాడూన్‌లో చెప్పిన మొదటి పాఠమే అది. ఫోటో ముందు పెట్టుకోగానే, నీడలు నీ వైపు పడేటట్టు తిప్పుకో, ఆ తరువాతే చూడు. ఇదే ఫోటోకు జతగా తీసిన రెండోది కూడా ఉండి ఉంటే, రెంటినీ పక్కపక్కన పెట్టి జంట అద్దాల్లోంచి చూస్తే ఎత్తుపల్లాలు దాపరికం లేకుండా లేచి నిలబడేవి. కాని ఈ చోటికి ఒక్కటే దొరికింది. ఒక్కటే ఉన్నప్పుడు నీడను చూసుకోవడం మరీ అవసరం. ఆమె చేతులు మాత్రం పాఠాన్ని వినలేదు. పటాలకు నకళ్లు తీసిన చేతులవి. డ్రాయింగ్ ఆఫీసులో ఉత్తరం పైకి లేకుండా ఒక్క కాగితం బల్ల మీద పెడితే హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ కొంప మునిగినట్టు కేకలేసేవాడు. బయటివాడెవడూ చెయ్యలేని తప్పు, పటాల మధ్య పెరిగిన మనిషి మాత్రమే చేసే తప్పు అది. ఫోటో చేతికి రాగానే ఆమె ఉత్తరం పైకి పెట్టింది, కూర్చుంది, కాలువలు చూసింది.

ఇంకొకరైతే అక్కడే నెత్తిన చెయ్యి పెట్టుకొని కూలబడేవారు. ప్రేమలీల కూడా కూలబడాల్సిందే గానీ, అంతకంటే ముందు ఆమెకు చూడాలనిపించింది. అంకాలమ్మ పక్కకు కుర్చీ లాక్కొని, భూతద్దం తీసుకొని ఫోటో మీదికి వంగింది.

"ఇదో, ఈ గట్టు చూడక్కా. తిన్నగా పోయి, ఇక్కడ మూల తిరిగింది. మళ్లీ తిన్నగా పోయింది. మళ్లీ మూల."

"నాలుగు పక్కలా ఉండాది. దడి కట్టినట్టు."

"దడి కాదు, గోడ. ఊరి గోడ. లోపల ఈ సన్నగట్లు చూడు, ఒకదానికొకటి అడ్డంగా. మధ్యలో ఖాళీ. అవి వీధులు." ప్రేమలీల భూతద్దం జరిపింది. "ఇక్కడ, సముద్రం వైపు గోడ తెగిపోయింది. తెగిపోలేదు, విడిచిపెట్టారు. వాకిలి అది. వాకిట్లోంచి ఒక దారి బయటికొచ్చి ఈ పర్ర దగ్గర, ఈ బురదపల్లం దగ్గర ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయింది?"

"ఎందుకేంది, ఆడ అప్పుట్లో నీళ్లుండుంటాయి. పడవలు పెట్టుకోనుంటారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవురమ్మణ్ణీ వాళ్లు? మావాళ్లేనా?"

"తెలీదక్కా."

"ఏం తినేవాళ్లో. ఏ దేవుణ్ణి కొలిచేవాళ్లో. యాడికి పోయినారో అంతమందీ. మా మాదిరే సముద్రమొచ్చి ఎత్తకపోయిందో ఏమో."

"తెలీదు. తవ్వి చూస్తే, నిదానంగా, చిన్నచిన్న పనిముట్లతో, పొర పొరా తీసి చూస్తే తెలుస్తుంది."

తవ్వడం అన్న మాట నోట్లోంచి వచ్చాక గానీ ప్రేమలీలకు తెల్లారితే జరగబోయేది గుర్తు రాలేదు. పాలెమంతా కదిలొచ్చి పారలతో తవ్వబోతున్నది ఆ వీధుల్నే. తవ్వుకోండి, అక్కడేమీ లేదు అని రాసింది తనే. అంకాలమ్మకు కూడా అదే తట్టినట్టుంది, కుర్చీలోంచి మెల్లగా లేచింది.

"ఏం జరుగుతోందిక్కడ?"

గుమ్మంలో కామాక్షయ్య గారు. నిద్ర మొహం, భుజం మీద తువ్వాలు. ఆయన చూపు ముందు చేపల మీద, తర్వాత అంకాలమ్మ మీద, ఆఖరికి ఫోటో మీద పడింది. పడగానే నిద్ర వదిలింది.

"బయటివాళ్లకు చూపించకూడదని ఎన్నిసార్లు చెప్పాను? ఈమెకెందుకు చూపించావమ్మా?"

"మా ఇల్లు చూసుకుందామని నేనే అడిగినా సామీ, ఆ యమ్మనేమీ అనబాకండి" అంటూ అంకాలమ్మ మెట్లు దిగి గబగబా వెళ్లిపోయింది.

ఆయన ఇంకో నాలుగు మాటలు అనేలోపలే ప్రేమలీల జరిగింది చెప్పేసింది. దాచలేదు, నసగలేదు. "తప్పు చదివాను సార్. తిరగేసి చదివాను. అక్కడ ఊరుంది" అంది. కామాక్షయ్య గారు ముక్కోపి, కాని మొండివాడు కాదు. అద్దాలు పెట్టుకొని బల్లకు ఆ పక్క నిలబడి చూశాడు. ఈ పక్కకు వచ్చి చూశాడు. ఆయన కూడా రెండుసార్లు తిరిగాడు. మూడోసారి అటే నిలబడిపోయి గోడ గీత వెంట వేలు జరిపాడు.

"అబ్బ, ఎంత చక్కగా కట్టుకున్నారమ్మా! గోడ చూడు, దారం పట్టి గీసినట్టు" అన్నాడు మెల్లగా. తర్వాత అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు ఇది చూడకుండా ఉంటే బావుండేది. నాకు చూపించకుండా ఉంటే ఇంకా బావుండేది."

"ఆపించండి సార్."

"ఎట్లా ఆపించను? నీ సంతకం మీద పైవాళ్లు ఉత్తర్వు ఇచ్చారు. ఆ సంతకం తప్పని నువ్వు రాయాలి, అది పైకి పోవాలి, వాళ్లు చూడాలి, తిరిగి రావాలి. ఈలోపల వానలొస్తాయి. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదన్న సంగతి కూడా కాస్త గుర్తు పెట్టుకో."

"పోతే పోనివ్వండి సార్. ఇది పోతే మళ్లీ రాదు."

"ఏది రాదు? ఆ పట్నం చచ్చి ఎన్ని వందల ఏళ్లయిందో ఎవరికీ తెలియదు. ఈ పాలెం బతికుందమ్మా. కిందటేడు నేనే వచ్చి శవాలు తీయించాను. కట్ట పడకపోతే ఈ ఏడు కూడా తీయిస్తాను. ఆ గోడను చూసి వీళ్లను మర్చిపొమ్మంటావా?"

ప్రేమలీల వదల్లేదు. "ఊరికి పడమట పడవలు నడిచే పెద్ద కాలువ అవతల బంకమట్టి ఉంది సార్. పడవల్లో వేసుకొని తేవచ్చు."

"తేవచ్చు. పని రెట్టింపు అవుతుంది, వానలతో పందెం వేసినట్టవుతుంది. వాళ్లంతట వాళ్లు ఒప్పుకొని తెస్తామంటే నాకు అభ్యంతరం లేదు, ఎక్కడి మట్టయినా కట్టే కదా. కాని దురాయి వేసినవాడు గంగులయ్య. మార్చాలంటే ఆయనే మార్చాలి. వెళ్లి అడుగు."

అడగడానికి వెళ్లేసరికి గంగులయ్య ఒడ్డున వల పరుచుకొని చిరుగులు కుడుతున్నాడు. ఆయన మాటల మనిషి కాదు. ఆమె చెప్పిందంతా వల మీద నుంచి కళ్లెత్తకుండా విన్నాడు. అంకాలమ్మ ముందే చెప్పి ఉండాలి, ఆశ్చర్యపోలేదు.

"నేను ఆడనే పుట్టి ఆడనే తిరిగినా. ఒక్క గట్టూ నా కాలికి తగల్లా. ఆకాశంలో పోయేవాడికి ఎట్టా కనపడింది?"

"చాప మీద పాకే చీమకు చాప మీది పూలు కనపడతాయా మామా? లేచి నిలబడి చూసే మనకు కనపడతాయి. ఇదీ అంతే."

ఆ మాటకు ఆయన చేతిలో సూది ఆగింది. కొంచెం నవ్వినట్టే ఉంది. "నేను చీమనంటావు."

"అందరం చీమలమే మామా. నేను లేచి నిలబడి కూడా తిరగేసి చూసినా."

గంగులయ్య వల పక్కకు నెట్టాడు. "చూడమ్మా. మొన్న నువ్వే ఆడేమీ లేదన్నావు. ఇయ్యాల ఉండాదంటావు. నీ మాట మీద నేను దురాయి వెనక్కి తీస్తే ఇంకోసారి నా మాట ఎవురింటారు? అందుకని ఒక పని చేస్తా. పొద్దున అందరూ వస్తారు. మొదటి పార నువ్వు చెప్పినచోట వేస్తాం. గోడ తగిలిందా, దాన్ని చూసుకొని మాట్లాడుకుందాం. మట్టే వచ్చిందా, నువ్వు పక్కకు తప్పుకోవాల. సరేనా?"

సరేనంది. అది మంచి ఒప్పందమే అనిపించింది ఆమెకు. గోడను కళ్లారా చూసినవాడు దాన్ని పగలగొట్టుకుంటాడా?

పొద్దున్నే చవిటి బయల్లో పాలెమంతా చేరింది. సముద్రం మీద ఒక్క తెరచాప లేదు. పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. ఇసుక మీద తట్టలు, పారలు, చంటిపిల్లల్ని చంకనేసుకొని వచ్చిన తల్లులు. ఫోటోను చుట్టి నాడాతో కట్టి చంకలో పెట్టుకొని ప్రేమలీల దొరువు దగ్గర నుంచి నడక మొదలుపెట్టింది. వెనక్కి తిరిగి తాటిచెట్లను చూసుకుంటోంది, ఆగుతోంది, మనసులో లెక్క వేసుకొని మళ్లీ నడుస్తోంది. జనం గుంపుగా వెనకే వస్తున్నారు. కామాక్షయ్య గారు గొడుగు వేసుకొని, తనకేమీ పట్టనట్టు, అందరికంటే ముందు నడుస్తున్నాడు.

ఒకచోట ఆగి ఆమె చేతికర్ర గుచ్చింది. చుట్టూ ఒట్టి చవుడు. అరచెయ్యంత మిట్ట కూడా లేనట్టే ఉంది.

"ఇక్కడ."

"ఈడేముండాది? ఒట్టి నేల" అన్నాడు ఎవరో. నలుగురు నవ్వారు.

గంగులయ్యే పార అందుకున్నాడు. పైన ఉప్పు పేరుకున్న పెళ్ల లేచింది. కింద నల్లమట్టి. ఆ కింద గవ్వలు, మళ్లీ మట్టి. నవ్వులు పెరిగాయి. ప్రేమలీల కళ్లు మూసుకొని లోలోపల ప్రార్థన చేసుకుంది. ఇంకో పార, ఇంకో పార. ఎర్రటి కుండపెంకు ఒకటి మట్టితో కలిసి బయటపడింది. అంకాలమ్మ గభాలున వంగి దాన్ని తీసుకొని, కొంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవురో ఈ కుండలో కూడొండుకోనుంటారు" అంది. నవ్వులు కాస్త తగ్గాయి.

తర్వాత పార ఠంగుమంది.

గంగులయ్య పార పక్కన పడేసి గుంటలోకి దిగి చేతులతో మట్టి తోశాడు. ఇటుక. దాని పక్కన ఇంకొకటి. మూర పొడుగు, ఎర్రగా, అంచు చెక్కు చెదరకుండా. వాటి కింద మరో వరస. అతుకు మీద అతుకు పడకుండా ఎవరో ఓపిగ్గా పేర్చిన వరసలు. ప్రేమలీలకు కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచడం లేదు. తను ఒక కాగితం మీద చూసింది నేలలో ఉంది. ఉందనుకున్న చోటే, అనుకున్న వైపుకే పోతూ ఉంది. అంత సంతోషం ఆమె జీవితంలో ఎరగదు.

"చూశావా మామా? గోడ. నేను చెప్పలా?"

గంగులయ్య ఒక ఇటుకను వదులు చేసి పైకి తీశాడు. వేళ్ల కణుపులతో కొట్టి చూశాడు. రెండు చేతులా పట్టుకొని బరువు చూశాడు. సముద్రం వైపు ఒకసారి చూసి, మళ్లీ ఇటుక వైపు చూశాడు. ఆ ముసలి మొహం మెల్లగా విప్పారింది. కిందటేటి నుంచీ ఆ మొహంలో అంత వెలుగు ఎవరూ చూడలేదు. ఆయన గుంటలో నుంచి ఇటుకను నెత్తి మీదికి ఎత్తి జనానికి చూపించాడు.

"మట్టి కట్ట పోద్దామనుకున్నాం! మట్టి ఒక వానకు నిలబడితే రెండో వానకు కరిగిపోతాది. ఇదో, ఈ యమ్మ మనకు ఇటికె చూపించింది! ఇటికె కట్టయితే సముద్రం తలకాయ కొట్టుకోవాల్సిందే!"

బయలంతా హోరుమంది. ఆడవాళ్లు చేతులెత్తి దణ్ణం పెట్టారు. ఎవరో ప్రేమలీల కాళ్లకు మొక్కబోతే ఆమె వెనక్కి జరిగింది. "వద్దు మామా, అందుకు కాదు, ఆగండి" అంటోంది గానీ ఆ హోరులో ఆమె మాట ఆమెకే వినపడలేదు. కామాక్షయ్య గారి కోసం చూసింది. ఆయన గొడుగును మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కుర్రాళ్లు అప్పటికే గడ్డపారలు తీసుకొని గుంట చుట్టూ చేరారు. గంగులయ్య చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. గుంట ఎక్కి వచ్చి ప్రేమలీల ముందు నిలబడ్డాడు. ఆమె తండ్రి వయసువాడు, ఇటుకమట్టి అంటిన చేతులు రెండూ జోడించాడు.

"అమ్మా, యాడపడితే ఆడ తవ్వుకుంటా పోతే వానలొచ్చేస్తాయి. నువ్వు పైనుంచి చూసినావు. నీకు తెలుసు. ఆ పటం ఇప్పు. ఈ గోడ యాడిదాకా పోతుండాదో, యాడ మూల తిరుగుతుండాదో చూపించు. మా పిల్లకాయలు ఈ ఏడు మునగకుండా కాపాడు."

అందరి కళ్లూ ఆమె చంకలో ఉన్న చుట్ట మీదే ఉన్నాయి. అంకాలమ్మ ఎవరి దగ్గరనుంచో చంటిపిల్లను తీసుకొని ఎత్తుకొని, ఆమెనే చూస్తోంది. ఏం చెప్పాలో ప్రేమలీలకు ఇంకా తెలియలేదు. వేళ్లు మాత్రం నాడా ముడి విప్పడం మొదలుపెట్టాయి.